కాటిదాకా దారేది?

2022 ఏప్రిల్ చివర్లో ఒక తండ్రి పదేళ్ళ కొడుకు శవాన్ని బైకు మీద ఇంటికి తీసుకుపోయాడు. పిల్లవాడు తిరుపతి రుయా ఆస్పత్రిలో కన్నుమూశాడు. సొంతూరు పక్క జిల్లాలో, దాదాపు 90 కిలోమీటర్ల దూరం. ఆస్పత్రి దగ్గరుండే ప్రైవేటు అంబులెన్సుల వాళ్ళు అడిగినంత డబ్బు ఆయన దగ్గర లేదు. బంధువులు బయటినుంచి పంపిన బండిని వాళ్ళు రానివ్వలేదు. ఇక మిగిలింది బైకే. మర్నాటికి ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. కొందరు డ్రైవర్లను పోలీసులు అరెస్టు చేశారు, ఆస్పత్రి అధికారి ఒకరిని సస్పెండ్ చేశారు, నాయకులు మాట్లాడారు. ప్రభుత్వాస్పత్రిలో పోయినవాళ్ళను ఉచితంగా ఇంటికి చేర్చేందుకు ‘మహాప్రస్థానం’ బండ్లు ఉన్నాయన్న సంగతి కూడా ఆ వారమంతా పత్రికల్లో వచ్చింది. ఆ రాత్రి మాత్రం అవి ఆ తండ్రికి అక్కరకు రాలేదు.

పోయినవాళ్ళకు మర్యాద చెయ్యడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి షామియానా, పూలమాలలు, పెద్దకర్మ నాటి భోజనాలు. వాటికి అప్పులు కూడా చేస్తాం. కానీ మనిషి ఆఖరి మర్యాద చాలావరకు దారిలోనే తేలిపోతుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి ఒక దారి, ఇంటి నుంచి కాటికి ఇంకో దారి. ఈ రెండూ సరిగా ఉంటే మిగతాది ఎవరి శక్తికొద్దీ వాళ్ళు చేసుకోవచ్చు. ఇవి లేనప్పుడు ఎంత ఘనంగా చేసినా అందులో ఏదో వెలితి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ రెండు దారులూ ఎట్లా ఉన్నాయో చూడటమే ఈ కథనం పని.

ఇంటికి చేరేదాకా

తిరుపతి అందరూ వచ్చిపోయే ఊరు. అందువల్ల ఇక్కడ చావు చాలాసార్లు సొంతూరికి దూరంగా వస్తుంది. రాయలసీమ నాలుగు మూలల నుంచీ రోగులు రుయాకు, స్విమ్స్‌కు వస్తారు. తిరుమల దర్శనానికి వచ్చి మెట్లదారిలో గుండె ఆగిపోయేవాళ్ళుంటారు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయినప్పుడు, ఇక్కణ్ణుంచి శవాలు వెళ్ళాల్సిన ఊళ్ళు ఒక దిక్కున సేలం, ఇంకో దిక్కున విశాఖపట్నం. అది అందరి కళ్ళూ పడిన ఘటన గనక ప్రభుత్వమే చూసుకుంది. ఎవరి కళ్ళూ పడని మామూలు రోజుల్లో మార్చురీ ముందర నిలబడ్డ మనిషికి ఊరు కొత్త, మనుషులు కొత్త, బేరమాడే ఓపిక ఉండదు. ప్రైవేటు బండ్ల వ్యాపారం ఆ ఘడియ మీదే నడుస్తుంది. కూరగాయల దగ్గర రెండు రూపాయలకు గీసి గీసి బేరమాడే మనం చావు దగ్గర నోరెత్తం. అట్లా ఎత్తకపోవడమే మర్యాద అనుకుంటాం. ఆ సంగతి అవతలివాడికి బాగా తెలుసు.

ఇంకో దూరం కువైట్ నుంచి. మదనపల్లె, పీలేరు, రాజంపేట వైపు పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్ళు లేని వీధి అరుదు. అక్కడ ఒక మనిషి పోతే కబురు వాట్సాప్‌లో నిమిషంలో వచ్చేస్తుంది, శవం రావడానికి మాత్రం రోజులు, వారాలు. అక్కడి మరణ ధ్రువపత్రం, మన రాయబార కార్యాలయం అనుమతి, పాస్‌పోర్టు రద్దు, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు కాగితం, ఇవన్నీ పూర్తయితేగాని పెట్టె విమానం ఎక్కదు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ విమానాశ్రయం నుంచి ఇంటిదాకా ఉచితంగా అంబులెన్సు పంపుతుంది. ఈ సంగతి కువైట్‌లో కొడుకున్న ప్రతి తల్లికీ తెలిసుండాలి. చాలామందికి తెలిసేది బాడుగ కట్టేసిన తర్వాతే.

ఈ ఎదురుచూపుల వల్లనే పల్లెల్లోకి ఫ్రీజర్ పెట్టె వచ్చింది. ఒకప్పుడు పొద్దున పోతే సాయంత్రానికి కాటికి. ఇప్పుడు బెంగళూరు కొడుకు, చెన్నై కూతురు, అమెరికా మనవడు వచ్చేదాకా గాజుమూత కింద పడుకోబెడతారు. పాతకాలం పెద్దలు దీన్ని తప్పుబడతారు గానీ నాకు ఇందులో తప్పేమీ కనపడదు. కడసారి చూపు దక్కని బిడ్డ జన్మంతా దాన్ని మోస్తాడు. పెట్టె బాడుగ దాని ముందర చిన్నదే.

ఇంటి ముందర

చిత్తూరు పల్లెల్లో ఇంట్లో ప్రాణం పోతే వాకిట్లో నిప్పు రాజుకుంటుంది, పొయ్యి చల్లారిపోతుంది. అన్నం పక్కింటినుంచో వియ్యంకుల ఇంటినుంచో రావాల్సిందే. పలకలవాళ్ళకు కబురు పోతుంది. పోయింది ఆడమనిషైతే పుట్టింటివాళ్ళు తెచ్చిన కోక కప్పేదాకా పాడె లేవదు. ఎంత ఆలస్యమైనా సరే అన్నదమ్ముల కోసం ఆగుతారు. బొరుగులు, చిల్లర చల్లుకుంటూ, గోవింద కొట్టుకుంటూ పోయి దింపుడు కల్లం దగ్గర పాడె దించుతారు. అక్కడ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. డాక్టరు చెప్పినా, ఈసీజీలో గీత సమంగా వచ్చినా, ఆ మూడు పిలుపులూ పిలవకుండా మనవాళ్ళు వదిలిపెట్టరు. మూడోనాడు పాలు పోస్తారు. కర్మక్రియలు పదకొండో రోజా, పదమూడా, పదహారా అన్నది కులాన్ని, ఇంటి ఆనవాయితీని బట్టి. వైష్ణవ ఆచారమున్న ఇళ్ళకు దాసరి శంఖం, చేగంట తీసుకొని వస్తాడు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులోదే. సరిహద్దు అవతల తమిళ పల్లెల్లో ఇప్పటికీ కర్మ నాటి రాత్రి తెరుక్కూత్తు వాళ్ళను పిలిపించి కర్ణమోక్షం ఆడిస్తారు. తెల్లవార్లూ కర్ణుడు చస్తూ ఉంటే ఇంట్లో చచ్చిపోయిన మనిషి కోసం ఊరంతా కలిసి ఏడుస్తుంది. దుఃఖాన్ని ఇంతకంటే తెలివిగా నడిపించే పద్ధతి నాకు తెలియదు. ఆ నాటకానికి పెట్టే ఖర్చు ఊరందరి కన్నీళ్ళకూ పనికొస్తుంది. మనవైపు ఇప్పుడు పెరుగుతున్న ఖర్చు అటువంటిది కాదు. టపాకాయల సరాలు, పూలబండి, నాలుగు వీధుల మొగదల ఫ్లెక్సీలు, కర్మ రోజు వేటమాంసంతో ఊరంతటికీ భోజనం. ఫలానావాళ్ళు అంత చేశారు, మనం ఇంతైనా చెయ్యకపోతే ఎట్లా అన్న లెక్కే దీన్నంతా నడిపిస్తుంది. పోయినాయన బతికుండగా మందుల చీటీ పట్టుకొని తిరిగినప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తురాదు.

ఫ్లెక్సీల మాట వచ్చింది గనక ఒక పక్కమాట. కుప్పం, పుంగనూరు, పలమనేరు వైపు పొలాల గట్ల మీద వీరగల్లులు కనిపిస్తాయి. పశువులను తోలుకుపోయే దొంగలతోనో, మృగంతోనో, పక్క రాజ్యం దండుతోనో తలపడి చచ్చిన మామూలు మనుషులకు ఊరు నిలిపిన రాళ్ళవి. కొన్నింటికి వెయ్యేళ్ళు దాటింది. ఇప్పటికీ కొన్నిచోట్ల పసుపు కుంకుమ పెడతారు. మన ఫ్లెక్సీ నెల తిరక్కముందే కోళ్ళ గూటి మీద కప్పుగా మారుతుంది.

ఇంటి నుంచి కాటికి

చిత్తూరు మామిడితోపుల్లో నడుస్తుంటే చెట్లనీడన సున్నం కొట్టిన సమాధులు కనపడతాయి. భూమి ఉన్న ఇంట్లో తాతలు, ముత్తాతలు సొంత చేలోనే నిద్రపోతారు. భూమి లేనివాళ్ళు కాటికి పోవాలి. రెవెన్యూ లెక్కల్లో ఆ కాడు పేరు శ్మశాన పోరంబోకు. పోరంబోకు అన్నాక పక్క రైతు నాగలి ఏటా ఒక సాలు లోపలికి జరుగుతుంది. తర్వాత వెంచర్ల రాళ్ళు పడతాయి. తిరుపతి చుట్టూ భూమి ధర పెరిగేకొద్దీ కాడు కుంచించుకుపోతోంది. చిత్తూరు జిల్లా మట్టిలోంచే వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి 1979లోనే ‘శ్మశానం దున్నేరు’ అని నవల రాశాడు. అందులో ఏముందో ఆ పేరే చెబుతుంది. దాదాపు అర్ధశతాబ్దం గడిచింది, ఆ పేరు ఇంకా పాతబడలేదు.

చాలా ఊళ్ళలో కులానికొక కాడు. వాటన్నిటికీ దారి మాత్రం సమానంగా ఉండదు. దళితవాడ కాడు చాలాచోట్ల వంక అవతలో, చెరువు లోతట్టులోనో ఉంటుంది. వానకాలంలో మొలలోతు నీళ్ళలో పాడె మోసుకుపోయే ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తాయి. మధ్యలో పట్టా పొలం ఉన్న రైతు పైరు తొక్కుతారని అడ్డం పడతాడు. శవాన్ని రోడ్డు మీద పెట్టి ధర్నా చేస్తే తహశీల్దారు వచ్చి ఆ పూటకు దారి ఇప్పిస్తాడు. ఆ పూటకు మాత్రమే. ఇంకో చావు వచ్చేదాకా ఆ ఫైలు మళ్ళీ కదలదు. ఊరందరి చావులకూ పలకలు కొట్టినవాళ్ళు, గుంతలు తవ్వినవాళ్ళు, కట్టెలు పేర్చినవాళ్ళు ఎక్కువగా ఆ వాడలవాళ్ళే. వాళ్ళ చావుకు దారి లేదు. జీవించే హక్కులో ఉన్న గౌరవం శవానికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. వంక అవతలి కాటికి ఆ తీర్పు ఇంకా చేరలేదు.

తిరుపతి నగరంలో సంగతి కొంత నయం. గోవిందధామం ఉంది. కట్టెల చితికి నాలుగైదు క్వింటాళ్ళ కట్టె కావాలి. కట్టె దొరకడం కష్టమైపోయి, దొరికినా ధర మండిపోతున్న కాలంలో గ్యాసు, కరెంటు దహనానికి జనం నెమ్మదిగా అలవాటు పడుతున్నారు. పెద్దలకున్న అనుమానం ఒక్కటే, మెషీన్లో కొరివి ఎట్లా పెట్టేదని. కుండ పగలగొట్టడం, చుట్టూ తిరగడం, నిప్పు తాకించడం వరకు బయటే జరిపి తర్వాత లోపలికి పంపే పద్ధతి చాలా నగరాల్లో కుదిరింది. శాస్త్రానికి లోటేమీ రాలేదు.

కాడు దాటితే నీళ్ళు. అస్థికలు కలపడానికి మనకున్నది స్వర్ణముఖి. శ్రీకాళహస్తి దగ్గర ఉత్తరముఖంగా పారే నది కాబట్టి అక్కడి స్నానానికి, పితృకార్యాలకు పేరు. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే, ఇసుకను తవ్వుకుపోయిన చోట గుంతలే. గుంతలో నిలిచిన నీళ్ళల్లో బూడిద కలిపి, పక్కనే ప్లాస్టిక్ కవరు, కుండపెంకులు, చనిపోయినవాళ్ళ బట్టలు వదిలి వస్తున్నాం. పితృదేవతలు తృప్తి పడతారో లేదో గానీ దిగువ ఊళ్ళు మాత్రం పడవు. కార్యానికి వచ్చే పురోహితులు ఒక్కమాట గట్టిగా చెప్పినా బట్టలు, కవర్లు ఒడ్డున పడవు.

ఎవరు మోశారు?

2021 మే నెలను తిరుపతి మరిచిపోదు. ఆ నెల 10వ తేదీ రాత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయినట్టు అధికారులు ప్రకటించారు. ఆ కోవిడ్ రోజుల్లో కొడుకులు తండ్రుల శవాలను తీసుకోవడానికి రాలేదు. వచ్చినవాళ్ళు గేటు బయటే నిలబడ్డారు. అప్పుడు పీపీఈ కిట్లు వేసుకొని వచ్చిన కుర్రవాళ్ళు తిరుపతి ముస్లింలు. కోవిడ్ జేఏసీగా ఏర్పడి, రంజాన్ ఉపవాసాల్లో కూడా వందలాది శవాలను మోశారు. హిందువైతే దహనం, క్రైస్తవులైతే ప్రార్థన, ముస్లింలైతే జనాజా, ఎవరి పద్ధతి వాళ్ళకు చేశారు. అప్పటి ఎమ్మెల్యే భూమన కరుణాకరరెడ్డి కూడా వాళ్ళతో కలిసి, ఎవరూ రాని శవాలకు గోవిందధామంలో అంత్యక్రియలు చేశారు. రాజకీయంగా ఆయన్ను ఎవరు ఎట్లా అన్నా ఆ పని ఆ పనే. తలకొరివికి కొడుకే కావాలని, అతను ఫలానా కులంవాడై ఉండాలని మనం పెట్టుకున్న నియమాలన్నీ ఆ రోజుల్లో గాలికి పోయాయి. ఆకాశమేమీ విరిగిపడలేదు. తల్లిదండ్రులకు కొరివి పెట్టిన కూతుళ్ళను ఊళ్ళల్లో ఇప్పుడు మునుపటంత వింతగా చూడటం లేదంటే, కొంత ఆ కాలం నేర్పిన పాఠమే.

ముందే చెప్పినవాళ్ళు

మన మట్టిలో పుట్టి, తన చావు ఎట్లా జరగాలో తానే తేల్చి చెప్పినవాళ్ళలో జిడ్డు కృష్ణమూర్తి ఒకరు. 1895లో మదనపల్లెలో పుట్టి, 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో పోయారు. తంతులు వద్దు, స్మారకాలు వద్దు, జనం పోగుపడొద్దు అని చివరి రోజుల్లో స్పష్టంగా చెప్పారు. అట్లాగే చేశారు. చితాభస్మాన్ని మాత్రం మూడు పాళ్ళు చేసి ఓహాయ్‌కు, ఇంగ్లండుకు, ఇండియాకు పంచారు. మదనపల్లెకు దగ్గర్లోనే ఉన్న రిషివ్యాలీ స్కూలు పిల్లల గొంతులతో నడుస్తూనే ఉంది. సమాధి కట్టలేదని ఆయన్ను మరిచిపోయినవాళ్ళు లేరు.

ఇంకొకరు తరిగొండ వెంగమాంబ. చిన్నతనంలోనే భర్త పోయాడు. బొట్టు చెరిపి, జుట్టు తీయించాలని వచ్చిన పెద్దలకు ఆమె లొంగలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనని, ఆయన ఉండగా తాను విధవనెట్లా అవుతానని నిలబడింది. ఊరు సాధిస్తే కొండెక్కింది. అక్కడే పద్యాలు, యక్షగానాలు రాసింది. 1817లో పోయింది. కొండ మీద ఆమె బృందావనం ఇప్పటికీ ఉంది. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి ఇప్పటికీ ఇస్తున్నారు. వేలమందికి అన్నం పెట్టే భవనానికి దేవస్థానం ఆమె పేరే పెట్టుకుంది. అంత గౌరవం ఇచ్చిన మనమే పదో రోజు భర్త పోయిన ఇల్లాలిని పీట మీద కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు చెరుపుతున్నాం. పోయినాయనకు దీనితో ఏ పుణ్యమూ రాదు. బతికున్న ఆమెను రెండోసారి చంపడం తప్ప ఈ తంతులో మరేమీ లేదు. పెద్దకర్మ ఖర్చు తగ్గించలేని ఇంట్లో కూడా దీన్ని ఆపొచ్చు. పైసా ఖర్చు కాదు.

ముందే చెప్పుకోవడం మన ఇళ్ళల్లో అపశకునం. “నేను పోయినాక...” అని పెద్దాయన నోరు తెరిస్తే “ఆ మాటలెందుకు నాయనా ఇప్పుడు” అని కోడలు నోరు మూయిస్తుంది. ప్రేమతోనే మూయిస్తుంది. ఫలితంగా పూడ్చాలా కాల్చాలా అన్న దగ్గర్నుంచి కొడుకులు వాకిట్లో తగువులాడుకుంటారు. వీలునామాలో రాసిపెడితే చాలదా అనొచ్చు. వీలునామా తెరిచేది కర్మ అయిపోయాక, పొలం లెక్కలు వచ్చినప్పుడు. అప్పటికి కాలిపోయిన మనిషి కోరిక చదివి ఏం చేస్తాం? కళ్ళు దానం చెయ్యాలంటే ఆరు గంటల్లోపు తీయాలి. అవయవదానానికి కార్డు రాసిచ్చినా, ఆ ఘడియలో ఇంటివాళ్ళు సరే అనాలి. శరీరాన్ని తిరుపతి ఎస్వీ వైద్యకళాశాలకు ఇవ్వాలనుకున్నా ఇంటివాళ్ళు ఒప్పుకొని కబురు చెయ్యాలి. 1960 నుంచి అక్కడ చదివిన డాక్టర్లంతా ఎవరో ఒకరి శరీరం మీదే పాఠం నేర్చుకున్నారు. అందుకే రాతకంటే ముందు నోటిమాట కావాలి, అది నలుగురి ఎదుట చెప్పింది కావాలి.

కాగితం పని గురించి క్లుప్తంగా. చావును 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్ళే చేస్తారు, ఇంట్లో పోతే ఇంటి పెద్ద గ్రామ, వార్డు సచివాలయంలో చెప్పాలి. ఏడాది దాటితే పెద్ద అధికారి ఉత్తర్వుదాకా తిరగాల్సి వస్తుంది. కర్మకు కార్డులు కొట్టించే హడావిడిలో దీన్ని మరిచిపోయినవాళ్ళు తర్వాత పింఛను, బ్యాంకు, పాసుపుస్తకం అన్నిచోట్లా ఇరుక్కుంటారు.

ఏడాది, ఆ తర్వాత

చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాదిదాకా కొండెక్కరు. మిగతా తెలుగునాట కూడా ఈ పట్టింపు ఉంది గానీ, కళ్ళు తెరిస్తే ఏడుకొండలు కనపడే తిరుపతిలో దాన్ని పాటించడం వేరు. మహాలయ అమావాస్య నాడు కపిలతీర్థం మెట్ల మీద తర్పణాలు వదిలేవాళ్ళు పైకి చూసి దణ్ణం పెట్టుకొని ఇంటికి పోతారు. ఇక పల్లెల్లో పెద్దలను తలుచుకునే అసలు రోజు సంక్రాంతి. ఆ దినం పెద్దల పండగ. ఫొటో ముందర కొత్తబట్టలు, ఇస్తరాకులో వడలు, పాయసం, గుమ్మడికాయ కూర, తిన్నవాళ్ళకు కోడికూర, తాగినాయనకు సీసా, పీల్చినాయనకు చుట్ట. ఎవరికేది ఇష్టమో అది. మంత్రం లేదు, పురోహితుడు లేడు. పెద్దలకు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. జేజికి ఏ కూర ఇష్టమో మనవరాలికి తెలిసేది అప్పుడే. ఇంతకంటే మేలైన వర్ధంతిని నేను చూడలేదు.

ఆ పూట ఇంటిల్లిపాదీ ఒకచోట ఉంటారు. బెంగళూరువాళ్ళు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు అందరూ. పెద్దలకు పెట్టుకొని, పిలకాయలు కనుమ నాటి చిట్లాకుప్ప మంటకు కంప కోసం పోయాక, ఇంట్లో ఉన్న పెద్దాయన్ను, పెద్దామెను దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి. పూడ్చేదా, కాల్చేదా? ఎవరు పెట్టాలి కొరివి? కళ్ళు ఇద్దామా? ఎంతమందికి అన్నం పెట్టాలి? చెప్పింది ఒక కాగితం మీద రాసి ఆధార్, రేషన్ కార్డుల సంచిలో పెట్టండి. సాయంత్రం మీ ఊరి కాటిదాకా ఒకసారి నడవండి. తర్వాత మీది కాని వాడవాళ్ళ కాటిదాకా కూడా నడవండి. దారి లేకుంటే సోమవారం అర్జీ రాసుకొని కలెక్టరాఫీసుకు పోండి. ఒక్కరే పోకండి, రెండు వాడలవాళ్ళూ కలిసి పోండి.